పియేర్ సొన్నెరా: ప్రకృతిని చేరువనుండి చూచిన ఉద్యోగి

పుదుచ్చేరి బొటానికల్ తోట 1826 లో నెలకొల్పబడినది. ఉదయపు వెలుగు ఏటవాలుగా పడు వేళ అచట నేలపై మోకాళ్లూని, ఒక చిన్న పువ్వు ముందు ఊపిరి బిగపట్టి, డిజిటల్ కెమేరాతో దానిని చిత్రించు ఔత్సాహికులు కనబడుట నేడు వింత కాదు. క్రొత్త కెమేరాకు పాత కటకమును తగిలించి పనిచేయుట ఈ విద్యలో ఒక ప్రత్యేకమైన వేడుక. ఫిల్ము కెమేరాల కొఱకు ఏబది అఱువది ఏండ్ల క్రిందట చేయబడిన మాక్రో కటకము, కొలిమితిత్తివలె ముడుచుకొనుచు సాగు నల్లని తిత్తి, ఆ పాతదానిని ఈ క్రొత్తదానితో కలుపు ఒక లోహపు ఉంగరము, ఇవియే అందుకు కావలసిన సామగ్రి. కటకము కెమేరానుండి ఎంత ముందునకు జరిగిన, ఎదుటనున్న చీమ అంత పెద్దదై కనబడును. కాని రూపము పెరిగిన కొలది స్పష్టముగా నిలుచు పొర పలుచబడును. చీమ కన్ను తేటగా కనబడినచో దాని కాలు మసకబారును. అందుచే కటకమును వెండ్రుకవాసి చొప్పున జరుపుచు అనేక చిత్రములు తీసి, వానిలో స్పష్టమైన భాగములను మాత్రము ఏరి ఒక్క చిత్రముగా కూర్చెదరు.

ఛాయాగ్రహణ విద్య లోకమునకు వెల్లడియైనది 1839 లో. అంతకు పూర్వము ఈ పనినంతయు మనుష్యుని కన్నును చేయియు చేసినవి. పువ్వును చేతబట్టి, త్రిప్పి త్రిప్పి చూచి, పలుమాఱులు చూచిన దానిని ఒక్క బొమ్మలో కూర్చిన చిత్రకారుడు నేటి ఛాయాచిత్రకారునికి పెద్దన్న వంటివాడు. పుదుచ్చేరిలో నివసించి ఆ పని చేసినవారిలో మిక్కిలి పేరొందినవాడు పియేర్ సొన్నెరా. వృత్తిచే ఆయన ఫ్రెంచి నౌకాశాఖలో కమిసేరు. అనగా సరకులు, లెక్కలు, పరిపాలన చూచు ప్రభుత్వోద్యోగి. ఆయన కన్ను పట్టిన పక్షియు, చెట్టును నేటికిని ఆయన పేరును మోయుచున్నవి. ఆయన అంటించిన ఒక తప్పుచీటి కూడ నేటికిని ఊడిరాలేదు. ఈ రెండును కలిసినదే ఆయన జీవితకథ.

సొన్నెరా 1748 వ సంవత్సరము ఆగస్టు 18 వ తేదీన ఫ్రాన్సు దేశమందలి లియోన్ నగరమున జన్మించెను. పట్టు నేతకు ప్రసిద్ధి కెక్కిన ఆ నగరమే పియేర్ పువావ్రుకును జన్మస్థానము. పువావ్రు సొన్నెరాకు బంధువు. యౌవనమున తూర్పుదేశములు తిరిగి, ఆంగ్లేయులతో జరిగిన ఒక నౌకాయుద్ధములో చేయి పోగొట్టుకొని, తుదకు ఈల్ ద ఫ్రాన్సు అని నాడు పిలువబడిన మారిషస్ ద్వీపమునకు 1767 లో పరిపాలకుడుగా వచ్చినవాడు. లవంగము, జాజికాయ ఈ రెండు సుగంధద్రవ్యములపై డచ్చివారికి గల గుత్తాధిపత్యమును తొలగించి, ఆ మొక్కలను ఫ్రెంచి ద్వీపములలో పెంచవలెనన్నది ఆయన జీవితాశయము. 1768 లో ఇరువది ఏండ్ల సొన్నెరా ఆయన వద్దకు చేరి లేఖకుడుగా పనిచేయసాగెను.

అదే సంవత్సరమున బూగెన్‌విల్ భూప్రదక్షిణ నౌకలలో వచ్చిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫిలిబేర్ కామర్సన్ ఆ ద్వీపమున దిగి, అచటనే నిలిచిపోయెను. సొన్నెరాకు గురువు ఆయనయే. మొక్కను వేరుతోసహా పెకలించి చూచుట, పువ్వును విప్పి రేకులు, కేసరములు లెక్కించుట, పక్షి చర్మమును చెడకుండ భద్రపఱచుట, చూచినదానిని చూచినట్లు గీయుట, ఇవన్నియు ఆ సహవాసమున అలవడిన విద్యలు. విశ్వవిద్యాలయపు పట్టము లేని ఆ యువకునికి ఆ ద్వీపమే పాఠశాల యయ్యెను. కామర్సన్ 1773 లో ఆ ద్వీపమందే మరణించెను. ఆయన సేకరణలను, చిత్రములను శిష్యుడు వాడుకొని తగినంత ఋణము ప్రకటింపలేదను నింద సొన్నెరాపై తరువాతి కాలమున పడినది. ఆ నింద పూర్తిగా నిరాధారమని చెప్పుటకు వీలులేదు.

1771 జూనులో పువావ్రు సుగంధద్రవ్యముల మొక్కల కొఱకు మొలక్కా దీవులకు నౌకలను పంపినప్పుడు సొన్నెరాయు వానిలో బయలుదేరెను. దారిలో సీషెల్స్ దీవులలోని ప్రాలిన్ ద్వీపమున ఆయన ఒక వింత చెట్టును చూచెను. భారతదేశపు తీరములకు అప్పుడప్పుడు కొట్టుకొనివచ్చు జంటకాయల వంటి పెద్ద టెంకాయ ఏ చెట్టుదో తెలియక, అది సముద్రగర్భమున కాయునని జనులు చాలకాలము నమ్మియుండిరి. సముద్రపు కొబ్బరి యను పేరు అందువలననే వచ్చినది. సొన్నెరా ఆ చెట్టును, కాయను చూచి, వర్ణించి, బొమ్మ గీసెను. పిమ్మట ఫిలిప్పీన్ దీవులలో తిరిగి, ఉప్పునీటి బురదలో పెరుగు ఒక చెట్టును అచటివారు పిలుచు పేరుతోనే వ్రాసికొని, దాని పువ్వును, కాయను చిత్రించెను. మొలక్కాలలోని గెబె దీవివఱకు పోయి, 1772 లో నౌకలు మారిషస్‌కు తిరిగివచ్చెను. వానిలో లవంగపు, జాజికాయ మొక్కలు ఉండెను.

స్వదేశమునకు పోయిన సొన్నెరా 1776 లో పారిస్ నగరమున తన మొదటి గ్రంథమును ప్రకటించెను. అందు 120 చిత్రములు కలవు. గ్రంథమునకు ఆయన ఉంచిన పేరు న్యూగినీ యాత్ర. అతని తప్పు ఆ పేరుతోనే ఆరంభమైనది. సొన్నెరా న్యూగినీలో అడుగు పెట్టలేదు. ఆయన చేరిన గెబె దీవి ఆ దేశమునకు సమీపమందున్నదేగాని ఆ దేశము కాదు. ఆ కాలపు ఐరోపావారికి న్యూగినీ అనగా స్వర్గపక్షుల దేశము, ఎవరును సరిగా చూడని దేశము. ఆ పేరు పుస్తకమునకు వన్నె తెచ్చెను.

పేరుతోనే తప్పు ఆగియుండినచో లోకము మఱచియుండెడిది. కాని ఆయన ఆ గ్రంథమున న్యూగినీ పక్షులని చెప్పి, కూకాబరా యను పెద్ద లకుముకిపిట్టను, మూడు రకముల పెంగ్విన్లను చిత్రించెను. ఆ కూకాబరా ఆస్ట్రేలియా పక్షి, న్యూగినీలో లేదు. పెంగ్విన్లు దక్షిణార్ధగోళపు చల్లని సముద్రముల పక్షులు. వేడిదేశమైన న్యూగినీలో అవి ఉండుట పొసగదు. ఆస్ట్రేలియా తూర్పుతీరమును చూచిన కుక్కు నౌకాయాత్రలో సేకరింపబడినవి, దక్షిణ సముద్రములలో తిరిగిన ఇతరులు తెచ్చినవి చేతులు మారి ఆయనకు చేరియుండునని పండితుల ఊహ. చర్మములు నిజమైనవే, వానిని చూచి గీసిన బొమ్మలును నిజమైనవే. కాని పక్కన వ్రాసిన ఊరిపేరు మాత్రము నిజము కాదు.

చదివినవారు నమ్మిరి. 1781 లో ఫార్‌స్టర్ అను శాస్త్రజ్ఞుడు ఒక పెంగ్వినుకు శాస్త్రీయనామము పెట్టుచు న్యూగినీ దేశపు మఱియొక పేరైన పాపువాను అందు చేర్చెను. 1783 లో హెర్మన్ అను పండితుడు కూకాబరా పేరులో న్యూగినీ పేరునే ఉంచెను. తప్పు బయటపడిన పిదపను ఈ పేర్లు మాఱలేదు. శాస్త్రీయనామకరణ నియమముల ప్రకారము మొదట పెట్టిన పేరు, దాని అర్థము తప్పైనను, నిలిచియుండును. అంటార్కిటికా మంచుతీరమున గుడ్లుపెట్టు జెంటూ పెంగ్విను నేటికిని శాస్త్రగ్రంథములలో పాపువా పేరుతోనే తిరుగుచున్నది. రెండువందల నలువది ఏండ్లకు పైగా ఒక యువకుని అతిశయోక్తిని ఆ పక్షులు మోయుచున్నవి.

ఆశ్చర్యమేమనగా, అదే పుస్తకమునందలి ఒక నిజమైన చీటి కూడ అంతే కాలము నిలిచినది. ఫిలిప్పీన్ దీవులలో ఆయన స్వయముగా చూచి గీసిన ఉప్పునీటి చెట్టును ఆధారము చేసికొని, సుప్రసిద్ధుడైన లిన్నేయస్ కుమారుడు ఒక క్రొత్త వృక్షప్రజాతిని గుర్తించి, 1782 లో దానికి సొన్నరేషియా అని పేరు పెట్టెను. ఎక్కడ చూచెనో అక్కడిదని చెప్పినందున ఆ చెట్టు ఆయనకు కీర్తి తెచ్చెను. ఎక్కడనో దొరికినదానిని వేఱొక దేశమునకు అంటగట్టినందున ఆ పెంగ్వినులు అపకీర్తి తెచ్చినవి. గీసిన చేయి ఒక్కటే.

1774 లో రాజాజ్ఞపై సొన్నెరా మరల తూర్పునకు బయలుదేరెను. ఈసారి భారతదేశము ముఖ్యగమ్యము. 1761 లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొని నేలమట్టము చేయగా, 1765 లో అది ఫ్రెంచివారికి తిరిగి దక్కి, మరల కట్టబడుచున్న కాలమది. కూలిన కోట రాళ్ల నడుమ క్రొత్త ఇండ్లు లేచుచుండెను. 1778 లో ఆంగ్లసేనలు మరల ముట్టడించి పట్టణమును వశము చేసికొనెను. ఇట్టి అస్థిర కాలములో నౌకాశాఖ పని చేయుచు, వీలు చిక్కినప్పుడెల్ల సొన్నెరా తీరప్రాంతములు, కొండలు తిరిగెను. చైనా, సింహళము, మలక్కా, మడగాస్కర్ మొదలగు దేశములును చూచెను. 1781 లో ఫ్రాన్సుకు చేరి, 1782 లో తూర్పు ఇండియా చైనా యాత్రలను గూర్చి రెండు పెద్ద సంపుటములు ప్రకటించెను. అందు రాగిరేకులపై చెక్కి అచ్చువేసిన 140 చిత్రములు కలవు. కొద్ది ఏండ్లలో అది జర్మను భాషలోనికి, పిమ్మట కలకత్తాలో ఇంగ్లీషులోనికి వచ్చెను.

ఈ గ్రంథము మొదటి గ్రంథము వంటిది కాదు. వయస్సుతోపాటు చూపును పరిణతి చెందినది. భారతీయుల దేవతలు, పండుగలు, వృత్తిపనివారు, వారి పనిముట్లు ఇందు చిత్రింపబడినవి. దక్షిణ చైనా పండైన లీచీకి నేడు శాస్త్రము వాడు పేరు ఈ పుస్తకమునుండి వచ్చినదే. ఆ పేరు చివర సొన్నెరా పేరు సంక్షిప్తముగా నేటికిని వ్రాయబడుచున్నది. మడగాస్కర్ అడవులలో రాత్రివేళ సంచరించుచు, సన్నని పొడుగాటి వ్రేలితో చెట్టు బెరడులోని పురుగులను లాగి తిను అయ్‌అయ్ అను వింతజంతువును శాస్త్రలోకమునకు మొదట పరిచయము చేసినదియు ఈ పుస్తకమే. ఎలుకవలె ఎదుగు దంతములు గల ఆ జంతువును ఉడుతగా భావించి కొందఱు పండితులు పొరపాటుపడిరి. అది కోతులకు, తోడేటి లీమర్లకు చుట్టమని తరువాత తేలినది.

ఆయన కన్ను ఎంత చేరువనుండి చూడగలదో తెలుపునది మన దేశపు బూడిదరంగు అడవికోడి. దక్షిణ, పశ్చిమ భారతపు అడవులలో తిరుగు ఈ పక్షి పుంజు మెడపై ఈకలు దూరమునకు నల్లని వలువపై చుక్కలద్దినట్లు కనబడును. దగ్గరగా చూచిన, ఒక్కొక్క ఈకలోను మధ్యకాడ వెడల్పై, చదునై, లక్కతో ముద్రవేసినట్లు మెఱయు పసుపుతెలుపుల పలకగా మాఱియుండును. ఈక కొమ్ముగా మాఱినదా యని తోచును. నేటి మాక్రో కటకముతో ఆ ఒక్క ఈకను చిత్రించినవారు దాని నునుపును, కాంతిని చూచి అబ్బురపడక మానరు. కటకము లేని ఆ కాలమున సొన్నెరా ఈ విశేషమును గుర్తించి వర్ణించెను. 1813 లో డచ్చి పండితుడు టెమ్మింక్ ఆ పక్షికి సొన్నెరా పేరుతోనే శాస్త్రీయనామము నొసగెను.

అడవికోడిని చూచి సొన్నెరా ఒక సిద్ధాంతమును చేసెను. లోకమున ఇంటింట పెంపబడు కోళ్లకు మూలపురుషుడు ఈ పక్షియే యని ఆయన తలచెను. పండితులు దానిని అంగీకరింపలేదు. 1868 లో డార్విన్ తన పరిశీలనవలన ఎఱ్ఱ అడవికోడియే పెంపుడుకోళ్లకు మూలమని నిశ్చయించెను. ఆ నిర్ణయమే నేటికిని ప్రధానముగా సత్యము. కాని 2008 లో స్వీడను శాస్త్రజ్ఞుల నాయకత్వమున జరిగిన జన్యుపరిశోధన ఒక క్రొత్త విషయము తెలిపెను. పెంపుడుకోళ్లలో అనేకమునకు గల పసుపురంగు కాళ్లను, చర్మమును కలిగించు జన్యువు ఎఱ్ఱ అడవికోడినుండి రాలేదు. బూడిదరంగు అడవికోడినుండి వచ్చినది. ఇన్నూటికి పైబడిన ఏండ్ల పిదప సొన్నెరా మాటలో కొంత పాలు నిలిచినది. తాను కంటితో చూచిన పక్షిని గూర్చి ఆయన పొరపడినను, ఆ పొరపాటునందును ఒక ఆధారము ఉండినది.

తెలుగువారు ప్రత్యేకముగా తెలిసికొనదగిన విషయము మఱొకటి ఆ గ్రంథమున కలదు. ఎజుర్వేదము అను పేరుతో ఒక ఫ్రెంచి వ్రాతప్రతి ఆ కాలమున ఐరోపాలో గొప్ప సంచలనము కలిగించెను. అది భారతీయుల పురాతన వేదమునకు అనువాదమని నమ్మి, మహారచయితయైన వోల్టేర్ 1761 లో దానిని రాజగ్రంథాలయమునకు సమర్పించెను. 1778 లో అది అచ్చయ్యెను. సొన్నెరా దానిని పరీక్షించి, అది నాలుగు వేదములలో ఏదియు కాదనియు, క్రైస్తవమత ప్రచారము కొఱకు మచిలీపట్నమున ఒక మిషనరీ వ్రాసిన వాదగ్రంథమనియు 1782 లో బహిరంగముగా వ్రాసెను. గ్రంథకర్త యెవరను విషయమై తరువాత చాల చర్చ జరిగినది గాని, అది వేదము కాదన్న మాట స్థిరపడినది. న్యూగినీ పక్షులకు తప్పుచీటి అంటించిన మనిషియే, పండితలోకమంతయు నమ్మిన తప్పుచీటిని పసిగట్టెను. మనుష్యస్వభావము ఇట్టిది. తన చీటిని తాను పరీక్షించుట అందఱికిని కష్టము. ఇతరుల చీటి యందలి లోపము త్వరగా కనబడును. అయినను వోల్టేరుకు ఎదురుగా సత్యమును చెప్పుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యము ఆయనకు ఉండినది.

1786 లో సొన్నెరా మూడవసారి తూర్పునకు వచ్చెను. ఈమాఱు ఆయన ఇరువదియేడేండ్లు తిరిగిపోలేదు. 1783 నాటి సంధి ననుసరించి పుదుచ్చేరి 1785 లో మరల ఫ్రెంచివారి వశమైయుండెను. నౌకాశాఖోద్యోగిగా ఇచట పనిచేయుచు, 1790 ప్రాంతమున గోదావరి తీరమందలి యానాంలో స్థావరాధికారిగా ఆయన కొంతకాలము గడపెను. పుదుచ్చేరికి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, ఆంధ్రదేశపు నడుమ, తెలుగు మాటలాడు ఆ చిన్న పట్టణము నేటికిని పుదుచ్చేరి పాలనలోని భాగమే. కేంద్రప్రభుత్వపు కొలువునకై తెలుగుజిల్లాలనుండి పుదుచ్చేరికి వచ్చు ఉద్యోగులు పోవు దారినే, ఎదురుదిక్కుగా, ఆయన ఒకనాడు పోయెను.

యానాం చుట్టును గౌతమి, కోరంగి పాయల ఒడ్డున మడ అడవులు కలవు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1978 లో అభయారణ్యముగా ప్రకటించిన కోరంగి అడవి ఆ చేరువనే యున్నది. తెల్లమడ, నల్లమడల నడుమ, వ్రేలాడు సన్నని కొమ్మలతో ఒక చెట్టు అచట పెరుగును. బురదనుండి దాని శ్వాసవేళ్లు మేకులు నాటినట్లు పైకి లేచియుండును. నీటమునిగిన బురదలో గాలి దొరకదు; అందుచే ఆ వేళ్లు పైకి వచ్చి గాలి పీల్చును. దాని పువ్వునకు ఆకర్షణపత్రములు లేవు. నాలుగు పచ్చని రక్షకపత్రముల మధ్య తెల్లని కేసరముల కుచ్చు, దాని నడుమ గొడుగు విప్పినట్లున్న కీలాగ్రము, ఇంతే ఆ పువ్వు. దూరమునుండి చూచువానికి అది పువ్వుగానే తోచదు. దగ్గరగా చూచినవాడే దాని అందమును గ్రహించును. ఆ చెట్టు సొన్నరేషియా ప్రజాతిలోనిది. సొన్నెరా యానాంలో ఉద్యోగము చేయునాటికే ఐరోపా గ్రంథములలో అది ఆయన పేరు దాల్చియుండెను.

ఫ్రాన్సులో రాజ్యవిప్లవము చెలరేగెను. 1793 లో ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని మరల యుద్ధము వచ్చి, పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమయ్యెను. యానాంకును అదే గతి పట్టెను. సొన్నెరా కొలువు పోయెను. ఆయన ఆంగ్లేయులకు బందీ యయ్యెను. ఆయనను పంపిన రాజు శిరచ్ఛేదము పొందెను. గ్రంథమును ఆదరించిన లోకమే మాఱిపోయెను. నలువదియైదేండ్ల వయస్సున సర్వమును కోల్పోయిన ఆ మనిషి 1813 వఱకు భారతదేశముననే ఉండిపోవలసివచ్చెను. అయినను కలము విడువలేదు. తిరిగినదియు, చూచినదియు ఒక క్రొత్త యాత్రాగ్రంథముగా వ్రాసికొనుచునే యుండెను. అది అచ్చగునను ఆశ అప్పటి పరిస్థితులలో మిక్కిలి తక్కువ.

1813 లో ఆయనకు స్వదేశమునకు పోవు అవకాశము దొరకెను. అడవికోడికి ఆయన పేరు పెట్టబడినదియు ఆ సంవత్సరముననే. వ్రాతప్రతిని వెంటగొని పారిస్ చేరిన సొన్నెరా మఱుసటి సంవత్సరము, 1814 మార్చి 31 వ తేదీన, తన అఱువదియైదవ యేట మరణించెను. ఆ గ్రంథము అచ్చుగాక నిలిచిపోయెను. మారిషస్ దేశపు చరిత్రకారిణి మడలేన్ లీ-టియో-ఫాన్ ఆయన జీవితమును పరిశోధించి 1978 లో ఒక గ్రంథము ప్రకటించినది. పిమ్మట ఆమెయు, పుదుచ్చేరిలో చిరకాలము పనిచేసిన పండితుడు జాన్ దెలోష్‌యు పరిష్కరింపగా, 1786 నుండి 1813 వఱకు గల ఆ యాత్రావృత్తాంతము 2010 లో పుదుచ్చేరినుండియే వెలువడెను. రచయిత మరణించిన నూటతొంబదియాఱు సంవత్సరములకు ఆయన వ్రాత, తాను నివసించిన ఊరికే అచ్చుపుస్తకమై తిరిగివచ్చెను.

సొన్నెరా జీవితమును తూచి చూచువారు ఆయనను మహాపురుషుడనియు అనరు, మోసగాడనియు త్రోసివేయరు. తాను చూచినచోట ఆయన చూపు నమ్మదగినది. చూడనిచోటును చూచినట్లు వ్రాసినప్పుడు మాత్రము అది వమ్మైనది. పుదుచ్చేరిలో 1955 లో నెలకొన్న ఫ్రెంచి ఇన్‌స్టిట్యూటులో ఎండబెట్టి భద్రపఱచిన వేలకొలది మొక్కల నమూనాలు కలవు. ప్రతి నమూనా క్రిందను ఒక చీటి యుండును: మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవాని పేరు. చీటి లేని నమూనా ఎండుటాకు మాత్రమే. తప్పుచీటి గల నమూనా అంతకంటెను హానికరము. ఎండుటాకు ఎవరిని మోసగింపదు.

నేటి డిజిటల్ కెమేరా చిత్రముతోపాటు తేదీని, వేళను తానే వ్రాసికొనును. కాని పాత మాక్రో కటకమునకు కెమేరాతో మాటలాడు విద్యుత్సంబంధము లేదు. అందుచే ఏ కటకముతో తీసినది, ద్వారమును ఎంత మూసినది, తిత్తిని ఎంత సాగదీసినది కెమేరాకు తెలియదు. ఆ గడులు ఖాళీగానో, తప్పుగానో ఉండును. చిత్రకారుడు చిన్న నోటుపుస్తకములో స్వయముగా వ్రాసికొన్ననే ఆ వివరములు దక్కును. ఎన్ని చిత్రములు కలిపి ఒకటిగా కూర్చినది, పురుగు తానుగా నిలిచినదో లేక చలువపెట్టెలో ఉంచి కదలకుండ చేసినదో, అది తోటలోనిదో అడవిలోనిదో, ఇవి చెప్పుటయు అతని బాధ్యతయే. చిత్రములను చూచి జీవజాతుల ఉనికిని లెక్కించు శాస్త్రజ్ఞులు నేడు కలరు. ఒక్క ఊరిపేరు తప్పైన, లేని పురుగు ఒక దేశమున పుట్టుకొనివచ్చును. పెంగ్వినులు న్యూగినీకి పోయినట్లు.

కచ్చేరి కాగితములతో జీవించు ఉద్యోగులకు ఈ మాట క్రొత్త కాదు. తేదీ లేని కాగితము, చోటు తెలియని లెక్క ఎంత చిక్కు తెచ్చునో వారికి అనుభవమే. సొన్నెరాయు ఆ కోవకు చెందినవాడే. నౌకాశాఖలో ఆయన సరిచూచిన సరకుల పట్టీలు నేడు ఎవరికిని అక్కరలేదు. విరామవేళ ఆయన వంగి చూచిన పువ్వు, ఈక మాత్రము నిలిచినవి. పుదుచ్చేరినుండి యానాంకు సెలవులలో పోవువారు గౌతమి ఒడ్డున పడవ ఎక్కి, కొమ్మలు వాలిన ఆ మడచెట్టు దగ్గఱ ఒకింతసేపు ఆగినచో, బురదనుండి లేచిన శ్వాసవేళ్లను, రేకులు లేని తెల్లని పువ్వును చూడవచ్చును. కెమేరా యుండిన చిత్రము తీయవచ్చును. తీసిన పిదప ఊరిపేరును, తేదీని తప్పక వ్రాసికొనుట మంచిది.